పేరు లేని ఫిర్యాదు

బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో డిటెక్టివ్ మార్కండేయులు ఆఫీసు. మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కుర్చీలో కూర్చున్నాక కూడా చేతిలో కవరు వదల్లేదు. పేరు దీవెన. గన్నవరం వెళ్లే దారిలో ఉన్న కార్పొరేట్ ఆసుపత్రిలో, పిల్లల టీకాల విభాగంలో నర్సు. ఎల్లుండి ఆమె మీద విచారణ. తప్పు రుజువైతే ఉద్యోగంతో పాటు నర్సు రిజిస్ట్రేషను కూడా పోయేలా చూస్తామని చెప్పారట.

ఆమె చెప్పేది జ్యోతిర్మయి రాసుకుంటోంది. ఇంటరు మధ్యలో మానేసి పెళ్లి చేసుకుని, ఇప్పుడు ఐదు నెలల పాపను అత్తగారికి అప్పజెప్పి మార్కండేయులు దగ్గర అసిస్టెంటుగా చేస్తోంది. ఆయన కంటికి ఆనేవి తన కంటికి ఎందుకు ఆనవా అని రోజూ అనుకుంటుంది.

"మూడో తారీఖు పొద్దున చలిపెట్టె తీస్తే లోపలంతా వెచ్చగా ఉందండీ," అంది దీవెన.

జ్యోతిర్మయికి నవ్వొచ్చింది. "చలిపెట్టా?"

"ఫ్రిజ్జేనండీ. మైలవరంలో మా అమ్మమ్మ శౌరమ్మ అలాగే అనేది, నాకూ అదే అలవాటైంది. వార్డులో అందరూ ఏడిపిస్తారు."

వెచ్చబడితే టీకా మందు పాడైపోతుంది, పారెయ్యాలి. పారెయ్యకుండా మూడు, నాలుగు తారీఖుల్లో పిల్లలకు వేయించారు. దీవెన ఎనిమిదో తారీఖున, ఆసుపత్రి నడిపే కంపెనీ యాప్‌లో పేరు లేకుండా తెలుగులో ఫిర్యాదు రాసింది. పేరు బయటపడదని ఆ యాప్ తెరవగానే పెద్దక్షరాలతో కనిపిస్తుంది. పదమూడున ఆమెనే సస్పెండు చేశారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకి వదిలేసింది ఆమేనట.

జ్యోతిర్మయి కలం ఆగిపోయింది. పెద్దాసుపత్రిలో మందు నమ్మకంగా ఉంటుందని, పాపకు అక్కడే సూది వేయించింది. నాలుగో తారీఖున. ఆ మాట పైకి అనకుండా తలొంచుకుని రాసుకుంది.

విచారణకు ఒకరిని తోడు తెచ్చుకోవచ్చని నోటీసులోనే ఉంది. ఆ తోడు తనేనని చెప్పి మార్కండేయులు మర్నాడు జ్యోతిర్మయిని వెంటబెట్టుకుని కంపెనీ హెడ్డాఫీసుకు వెళ్లాడు. నియమాల అమలు చూసే అధికారి తేజేశ్వర్ మర్యాదగా టీ తెప్పించాడు. ఫిర్యాదులు బయటి ఏజెన్సీకి వెళతాయనీ, వాళ్లు ఇంగ్లీషులోకి మార్చింది మాత్రమే తనకు వస్తుందనీ చెప్పి ఆ కాగితం చూపించాడు. జ్యోతిర్మయి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఫ్రిజ్ అన్న చోటల్లా రిఫ్రిజిరేటర్ అనే ఉంది.

"అసలు ఉత్తరం మీరు చూడలేదా అండీ?" అన్నాడు మార్కండేయులు.

"మేం అడగకూడదు, వాళ్లు ఇవ్వకూడదు. రాసిందెవరో ఈ రోజుకీ నాకు తెలీదు."

"దీవెనతో ఎప్పుడైనా మాట్లాడారా?"

"ఆసుపత్రి గడప తొక్కి ఏడాదైందండీ. ఆ అమ్మాయిని ఫోటోలో చూడటమే." తేజేశ్వర్ నవ్వాడు. "ఏం చేస్తాం, చలిపెట్టె ప్లగ్గు చూసుకోవడం రానివాళ్లు కూడా నర్సులైపోతున్నారు."

మార్కండేయులు టీ పూర్తి చేసి లేచాడు.

ఆసుపత్రిలో హెడ్ నర్సు మల్లీశ్వరి అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది గానీ ఒక్కసారీ తలెత్తి చూడలేదు. దీవెనా తనూ నాలుగేళ్లుగా ఒకే క్యారేజీలో తింటున్నామంది. నాలుగో తారీఖు సాయంత్రం మెకానిక్ వచ్చి కాలిపోయిన కంప్రెసరు మార్చాడంది. పదకొండున హెడ్డాఫీసులో ట్రైనింగుకు వెళ్లానంది.

"ఏం ట్రైనింగమ్మా?"

"'నిర్భయంగా చెప్పండి' అనేదండీ." కర్చీఫుతో కళ్లొత్తుకుంది.

తిరిగొస్తుంటే ఆటోలో జ్యోతిర్మయి అడిగింది, ఏమైనా దొరికిందా అని.

"మా నాన్న మగ్గం మీంచి దించిన చీరను కళ్లతో చూసేవాడు కాదు, చేత్తో తడిమేవాడు. వేరే నూలు పోగు ఒక్కటి పడినా వేలికి తగిలేది. ఇవాళ నాకొకటి తగిలిందమ్మా."

విచారణ గదిలో పెద్ద కుర్చీలో విచారణ చేసే అధికారి డాక్టర్ హెలెన్ కూర్చుంది. ఒక పక్క తేజేశ్వర్, మల్లీశ్వరి, ఇంకో పక్క దీవెన.

మార్కండేయులు ముందు మెకానిక్ చీటీ బల్ల మీద పెట్టాడు. ప్లగ్గు పీకితే ఫ్రిజ్ ఆగుతుంది గానీ కంప్రెసరు కాలదన్నాడు. కాబట్టి నేరం అబద్ధం. ఆ అబద్ధం ఈ అమ్మాయి మీదే ఎందుకు పడింది? ఫిర్యాదు చేసిందని తెలిసి సస్పెండు చేస్తే అది పగ. అలా పగ సాధించినవాళ్లను తీసెయ్యాలని వాళ్ల నియమాల పుస్తకంలోనే ఉంది.

"తెలుసనడానికి రుజువేముంది?" అన్నాడు తేజేశ్వర్.

"మీ నోరేనండీ. చలిపెట్టె అన్నారు. మీరు చదివానన్న ఇంగ్లీషు కాగితంలో ఆ మాట లేదు. ఆ అమ్మాయితో మీరు మాట్లాడనూ లేదు. అది ఉన్నది తెలుగు ఉత్తరంలో."

"ఎక్కడో విని ఉంటాను."

"ఎక్కడో కాదు." మార్కండేయులు మల్లీశ్వరి వైపు తిరిగాడు. "చెప్పమ్మా. ఆ ట్రైనింగులో నేర్పింది అదే కదా."

మల్లీశ్వరి తలొంచుకునే చెప్పింది. "అక్కడే టీ టైములో తేజేశ్వర్ గారు ఫోను చూసి రెండు లైన్లు చదివారండీ, తమాషాగా. మీ వార్డులో ఎవరమ్మా ఇంత పాతకాలం మనిషి అన్నారు. నేను నవ్వాను. చలిపెట్టె అంటే మా దీవెనేనండీ అన్నాను." దీవెన వైపు తిరిగింది. "ముద్దుగానే అన్నాను."

దీవెన ఆమె వైపు చూడలేదు.

ఫిర్యాదు ఒక్కటీ లేదని ఏటా రిపోర్టు రాసే మనిషి తేజేశ్వర్. రాసిందెవరో కనిపెట్టి నోరు మూయించి ఈసారీ అదే రాయాలని, ఏజెన్సీని అడిగి ఉత్తరం తెప్పించుకున్నాడు. హెలెన్ సస్పెన్షను రద్దు చేసింది. ఆ రెండు రోజులూ సూది వేయించుకున్న పిల్లల తల్లులందరికీ నిజం చెబుతామని మాటిచ్చింది.

తేజేశ్వర్‌ను తీసెయ్యలేదు, హైదరాబాదుకు బదిలీ చేశారు. దీవెన డ్యూటీలో చేరింది. మధ్యాహ్నం మల్లీశ్వరి క్యారేజీ పట్టుకుని పక్కన కూర్చుంటే, ఆకలి లేదని లేచిపోతోందట.

వారం తర్వాత జ్యోతిర్మయి ఫోనుకు ఆసుపత్రి నుంచి మెసేజీ వచ్చింది. "మీ చిన్నారికి మా కానుక. అదనపు టీకా పూర్తిగా ఉచితం." ఎందుకో ఒక్క ముక్క లేదు. అడుగున సన్నక్షరాలతో, ఫిర్యాదులుంటే పేరు చెప్పకుండా యాప్‌లో తెలపవచ్చని ఉంది.

పాప ఒళ్లో నిద్రపోతోంది. సూది పడిన తొడ మీద మచ్చ కూడా లేదు.

జ్యోతిర్మయి యాప్ తెరిచింది. ఐచ్ఛికం అని రాసి ఉన్న గడిలో తన పేరు, పాప పేరు, ఇంటి నంబరుతో సహా రాసింది. కింద గడిలో, "మీ చలిపెట్టె..." అని మొదలుపెట్టింది.