స్కెర్రీ వెనకాల

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈవన్ టలక్ స్కాట్లండ్‌లోని లీత్ పట్నంలో ప్లీడరు. సెలవు దొరికితే తెరచాప పడవ వేసుకుని సముద్రం మీదికి పోయేవాడు. ఆ సరదా చూసే నౌకాదళం అతన్ని రిజర్వు అధికారిగా తీసుకుని, 'స్కెర్రీ' అనే జలాంతర్గామిలో పడేసింది. దాని కెప్టెన్ హ్యూ డేకర్ చిన్నప్పటినుంచీ నౌకాదళంలో పెరిగినవాడు. "ఏమయ్యా ప్లీడరూ, సముద్రానికి నోటీసు పంపావా?" అని ఆటపట్టిస్తూనే టలక్‌కి పనంతా నేర్పాడు. కెప్టెన్ శిక్షణకని అతన్ని ఒడ్డుకు పంపిందీ డేకరే. ఆ తర్వాత స్కెర్రీ నార్వే వైపు వెళ్ళింది. తిరిగి రాలేదు.

మరుసటి వేసవిలో టలక్ తన సొంత జలాంతర్గామితో అదే తీరానికి చేరాడు. ఆ కాలంలో అక్కడ చీకటి పడదు. పైకి తేలితే శత్రువు కంట పడ్డట్టే. అందుకని ఎప్పుడూ నీళ్ళకిందే. డీజిల్, చెమట, ఉడికిన క్యాబేజీ, అన్నీ కలిసిన కంపు. గాలి ఎంత చచ్చిపోయిందంటే అగ్గిపుల్ల గీస్తే అంటుకోవడం లేదు. ఇనుప కప్పుకి పట్టిన చెమ్మ బొట్లుబొట్లుగా మెడల మీద రాలుతోంది.

పైన శత్రువు వేట ఓడలు రెండు తిరుగుతున్నాయి. బాంబులు వేస్తాయి, ఆగుతాయి, వింటాయి. టలక్ జలాంతర్గామిని అడుగు బురదకి ఆనించి మోటార్లు ఆపించాడు. వెనక్కి తిరిగితే ఆ ఓడలు. ముందుకెళ్తే మైన్లు, తగిలితే పేలేలా నీళ్ళలో తీగలకి కట్టి వదిలిన బాంబులు. ఇక్కడే ఉంటే గాలి చాలదు. కుదురుగా కూర్చోలేక, తిరిగితే చప్పుడవుతుందని తిరగలేక, చొక్కా గుండీ పెట్టుకుంటూ తీస్తూ నిలబడ్డాడు.

నీటిలో చప్పుళ్ళు వినే గీచ్ ఉన్నట్టుండి నిటారుగా అయ్యాడు.

"సర్... ముందు ఏదో కదులుతోంది. ఓడ కాదు. మనలాంటిదే."

"ఈ చుట్టుపక్కల మనవాళ్ళెవరూ లేరు కదా," అన్నాడు టలక్ కింది అధికారి లయల్, గుసగుసగా.

టలక్ గీచ్ చెవులమీది ఫోన్లు తీసి తను పెట్టుకున్నాడు. ప్రొపెల్లర్ తిరుగుతోంది. మధ్యమధ్య సన్నటి కీచు. అప్పట్లో ఒకసారి రేవు గోడకి కొట్టుకుని స్కెర్రీ ప్రొపెల్లర్ రెక్క ఒకటి వంగింది. ఆ రోజు నడిపింది తనే. ఆ కీచు నిద్రలో విన్నా గుర్తుపడతాడు. అది హ్యూ డేకర్ నడిపిన స్కెర్రీయే.

"లేపండి. మెల్లగా. దాని వెనకే పోదాం."

"సర్, ముందంతా మైన్లు."

"తెలుసు లయల్."

కదిలారు. కీచు ఎడమకి జరిగితే టలక్ చెయ్యి ఎడమకి చూపింది. కుడికి జరిగితే కుడికి.

కర్‌ర్... బయట మైను తీగ ఒకటి పక్కనే ఒరుసుకుంది. ఆ చప్పుడు ఇనుము పొడవునా పాకుతూ వెనక్కి పోయింది. ఆగింది. మళ్ళీ... కర్‌ర్... ఈసారి వాళ్ళ తలల మీద. లయల్ కళ్ళు మూసుకున్నాడు.

వదిలింది.

ఆ తర్వాత తీగలు తగల్లేదు. ముందున్న చప్పుడు ఆగిపోయింది. దూరం కాలేదు... ఆగిపోయింది.

వేట ఓడలకి అందనంత దూరం పోయాక పైకి తేలారు. మూత తెరవగానే దిగిన చల్లగాలికి కొందరు వాంతి చేసుకున్నారు, కొందరు నవ్వారు. గీచ్ మాత్రం తిరుగు ప్రయాణమంతా కెప్టెన్ ముఖం చూడలేదు.

స్కాట్లండ్ రేవులో టలక్ అతన్ని పక్కకి పిలిచాడు.

"ఏమైంది నీకు?"

"ఏం లేదు సర్. మీరు వాళ్ళతో మాట్లాడుతుంటే... పక్కనే ఉన్నాను కదా."

"నేనా? నేను నోరే విప్పలేదు. అయినా, ఆ ఫోన్లలో వినడమే గానీ మాట్లాడటం కుదరదు."

"కుదరదు సర్. అయినా మాట్లాడారు. తలూపుతూ మాట్లాడారు."

"వాళ్ళేమన్నారు?"

"అది మీకే వినపడింది."

టలక్ గొంతు తగ్గించాడు. "నేనేమన్నాను?"

గీచ్ నీళ్ళకేసి చూశాడు.

"'సరే హ్యూ' అన్నారు. 'ఈసారికి వదిలెయ్. వచ్చేసారి అందర్నీ నీ దగ్గరికి నేనే తీసుకొస్తా' అన్నారు సర్."