ఐలవ్వ గోరి మీద విస్తరి

పటేల్ భూపాల్‌రావును సిద్దిరాములు చచ్చినా క్షమించడు. గొల్లకుంటలో నలభై గడపల జనం దున్నుకుంటున్న భూమిని, ఊరి భూలెక్కల పహాణీలో 'పడావు బీడు, మనుషులు లేరు' అని రాయించి సర్కారు విమానాల ఫీల్డ్‌కు అప్పజెప్పిన మహానుభావుడు ఆయనే. ఊరు లేచిపోయింది. కరీంనగర్‌లో ఆయనకు మేడ లేచింది.

ఆ ఊరికే ఇప్పుడు సిద్దిరాములు డ్యూటీ మీద వెళ్లాలి.

1964. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస ముందు రోజు. గెస్ట్‌హౌస్‌లో చీఫ్ మధుసూదన్‌రావు బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు.

"చైనా యుద్ధం తర్వాత ఢిల్లీకి తొందర పుట్టింది. పైలట్ లేని విమానం. రేడియోతో నడుస్తుంది. రేపు పదకొండింటికి ట్రయల్. క్షేమంగా దిగితే యాభై లక్షల ఫండ్. కూలితే స్కీమే రద్దు."

"కూల్చేదెవరు సార్?"

"విదేశీ ముఠా. మన ఫ్రీక్వెన్సీ వాళ్ల చేతికి పోయింది. ఫీల్డ్‌లో ఎక్కడో ట్రాన్స్‌మిటర్ దాచారు. అది మోగితే విమానం మన మాట వినదు. నేరుగా ఢిల్లీ ఆఫీసర్లు కూర్చునే షెడ్డు మీద పడుతుంది. లోపల మన మనిషి స్టెనో మనోరమ. కోడ్ అడుగు." చీఫ్ ఫైలు మూశాడు. "అది మీ ఊరే కదా?"

"నేను చచ్చి తొమ్మిదేండ్లాయె సార్. చచ్చినోనికి ఊరేంది?"

అది నిజమే. అతన్ని గూఢచారిగా సరిహద్దు దాటించడానికి, గోదావరిలో కొట్టుకుపోయాడని డిపార్ట్‌మెంటే పుకారు పుట్టించింది. ఆ మాట విని అతని తల్లి ఐలవ్వ అన్నం మానేసింది. మూడు నెలలకు పోయింది. వాళ్ల రెండెకరాల చిల్లర పొలంలోనే ఎవరో గోరి కట్టారు. అతను ఇంతవరకూ చూడలేదు.

తెల్లారింది. ఊరు ఖాళీ చేసినవాళ్లను పెత్రమాస ఒక్కరోజు, పది గంటల దాకా లోపలికి రానిచ్చారు. పొలాల్లో ఉన్న తమ పెద్దల గోరీల మీద విస్తళ్లు పెట్టుకున్నారు. గారెలు, మాంసం, ముంతల్లో కల్లు. పది దాటాక బయట కంచె పక్కన కూర్చుని తాము తింటున్నారు.

పెట్టుడు మీసంతో, వాచ్‌మన్ వేషంలో సిద్దిరాములు అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు.

ఐలవ్వ గోరి మీదా ఒక విస్తరి ఉంది. దాని పక్కన గుడ్డ కట్టిన కొత్త ముంత.

కంచె దగ్గర తింటున్న ముసలి కొమురవ్వను అడిగాడు.

"పెద్దవ్వా, గా గోరికి ఎవలు పెట్టిన్రు?"

"ఐలవ్వకా? ఎవలున్నరు బిడ్డా పెట్టెతందుకు? ఒక్కగానొక్క కొడుకు గోదాట్ల కొట్టుకపాయె."

"మీ ఊరోళ్లే పెట్టిన్రేమో."

"మంచిగ చెప్పినవ్. మంది ఇంటి పెద్దలకు మనం పెడ్తె ఆళ్లు మనింటెంబడి రారా? గంత సోయి లేనోళ్లు మా ఊర్లె లేరు." ముసలిది తల ఎత్తి అతన్ని తేరిపార చూసింది. "నీ గొంతు గా పోరని గొంతు లెక్కనే ఉన్నది. జర దూరం నిలవడు, భయమైతంది."

అయితే ఆ ముంతలో ఉన్నది కల్లు కాదు. సిద్దిరాములు గోరి వైపు పరుగెత్తాడు. విమానం అప్పటికే గాల్లో ఉంది.

గోరి దగ్గర నల్లకళ్లద్దాలు, జార్జెట్ చీర. మనోరమ.

"జమ్మికుంటలో పత్తి ధరెంత?" అన్నాడు.

"తడిసిన పత్తికి ధరేమిటి?" కోడ్ తప్పలేదు. హ్యాండ్‌బ్యాగ్ చాటు నుంచి పిస్టల్ మాత్రం అతని గుండెకు గురిపెట్టి ఉంది. "దిక్కులేని సమాధి, ఎవరూ ముట్టుకోరని ఇక్కడ పెట్టాను. నీకెలా తెలిసింది?"

"దానికి దిక్కు నేనే."

ఆమె ఒక్క క్షణం తడబడి నవ్వింది. "మరీ మంచిది. ఇది కూలిందంటే స్కీము పోతుంది, నీ భూమి నీకొస్తుంది. దిగిందంటే, రేపోమాపో రన్‌వే పొడిగించే బుల్‌డోజర్ మీ అమ్మ మీద నుంచే పోతుంది. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే నిలబడు."

అతను నిలబడ్డాడు. అబద్ధం చెప్పలేదామె.

విమానం ముక్కు వంచి షెడ్డు వైపు తిరిగింది. షెడ్డుకు ఇరవై గజాల్లో కంచె. అక్కడ కొమురవ్వ నోట్లో ముద్ద పెట్టుకుంటోంది.

"తిన్నవా కొడుకా?" ఎక్కడినుంచో ఐలవ్వ గొంతు.

ముంతను తన్నడానికి అతనికి కాలు రాలేదు. అవ్వ విస్తరి పక్కది. రెండు చేతులా ఎత్తి గోరి రాతికేసి కొట్టాడు. వైర్లు తెగాయి. పిస్టల్ పేలింది. ఎడమ భుజం మండింది. విమానం షెడ్డు రేకులను ఒరుసుకుంటూ పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, బుద్ధిగా రన్‌వే మీద దిగింది.

అదీ ట్రయల్‌లో భాగమే అనుకుని ఢిల్లీ ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. పిస్టల్ మోత విన్న సెంట్రీలు మనోరమను పట్టుకున్నారు.

సాయంత్రం కరీంనగర్ ఆసుపత్రిలో చీఫ్ కాగితాలు చేతికిచ్చాడు. "ఫండ్ శాంక్షన్! యాభై కాదు, అరవై లక్షలు. ఎల్లుండి నుంచే రన్‌వే పొడిగింపు. రిపోర్ట్ రాసెయ్. నష్టం కాలమ్‌లో నిల్ అని పెట్టు."

సిద్దిరాములు బాగున్న చేత్తో పెన్ను తీసుకుని రాశాడు.

'నష్టం: రెండెకరాల ఇరవై మూడు గుంటలు, గోరితో సహా.'