ఒక్క మెట్టు తెలుపు

పొద్దుటి సైరన్ మోగిందంటే రాయదుర్గం వీధుల్లో కుక్క కూడా కనబడదు. ఎండ అప్పటికే పళ్ళు నూరుతూ ఉంటుంది. పని ఉన్నవాళ్ళు పైన కప్పు వేసిన సందుల్లో ఒకరినొకరు తోసుకుంటూ నడుస్తారు. ఊరి చుట్టూ కనుచూపు మేరా అద్దాల చేలు. ఒకప్పుడు ఆ నేలలో వేరుసెనగ పండేదట, ఇప్పుడు కరెంటు పండుతోంది. దేశమంతా చల్లగా నిద్రపోవడానికి ఈ ఒక్క ఊరు మాడుతోందంటే అందులో పెద్ద అబద్ధమేమీ లేదు.

అద్దాల కంపెనీలో కొలువులు రెండు రకాలు. నీడ కొలువంటే గదిలో కూర్చుని తెర మీద అంకెలు చూసుకోవడం. ఎండ కొలువంటే గుడ్డ పట్టుకుని అద్దాల మధ్య తిరుగుతూ దుమ్ము తుడవడం. ఎవరికి ఏదన్నది వాళ్ళ చర్మం తేలుస్తుంది. లేతరంగు చర్మం ఆ ఎండకు ఆగదు కాబట్టి అలాంటివాళ్ళను బయటికి పంపకూడదని ప్రభుత్వం చట్టం చేసింది. చట్టం మంచిదే. కాని మంచి చట్టం వచ్చిన మర్నాటికే మనవాళ్ళు దానికి దొడ్డిదారి వెతకకుండా ఉంటారా? వెతికారు. ఆ దారి ఆసుపత్రిలోనే దొరికింది.

దాని పేరు చర్మముద్రణి. జనం నోట మాత్రం తోలు ప్రింటరు. కాలిన ఒంటికి అతికించడానికి కొత్త చర్మాన్ని పొరలు పొరలుగా అచ్చు వేసే యంత్రం అది. మామూలు ప్రింటరులో రంగులు ఉన్నట్టే ఇందులోనూ నాలుగు బుడ్లలో నాలుగు జీవసిరాలు ఉంటాయి. ఒకటి చర్మాన్ని పట్టి ఉంచే కొలాజెన్, ఒకటి నెత్తుటి ఎరుపు, ఒకటి పసుపు ఛాయ. నాలుగోది మెలనిన్ తయారుచేసే సజీవ కణాలు. దీన్నే నల్లసిరా అంటారు. అందరూ అదొక రంగనుకుంటారు గాని, అసలది ఒంటికి పుట్టుకతో వచ్చిన గొడుగు. ఎండలోని విషకిరణాలను తాను మింగి లోపలి కణాలను బతికిస్తుంది.

ఆ యంత్రం బాగోగులు చూసే ఇంజనీరు నాగరత్న. ఆ రోజు ఆమె ముందున్న నమూనా చర్మం ఆమె సొంత చెల్లెలి కోసం వేసింది. సుంకమ్మ అద్దాలు తుడిచే పిల్ల. చేలో కేబుల్ పెట్టె పేలి ముఖం, మెడ, రెండు చేతులూ కాలిపోయాయి. పైన తాత్కాలికపు పొర కప్పి ఉంచారు గాని అది ఎన్నాళ్ళో ఆగేది కాదు.

"చీము పట్టకముందే చర్మం పడాల, నాగరత్నా. తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నది డాక్టర్ షంషాద్.

నాగరత్న చెల్లెలి చెవి వెనక కాలకుండా మిగిలిన కాస్త చర్మం మీద కొలతపెట్టి ఛాయ తీసింది. చక్కని తాటిబెల్లం రంగు. తెలుపు నుంచి నలుపుకు లెక్కపెట్టే ఛాయల మెట్లలో అది ముప్పయ్యోది. యంత్రానికి అదే చెప్పింది. యంత్రం ఇచ్చింది మాత్రం పాల మీద మీగడ రంగు. ఆ మీగడ తోలుతో సుంకమ్మ ఈ ఊరి ఎండలో ఏడాది బతకదని నాగరత్నకు తెలుసు.

"నేను అడిగిందేమిటి, నువ్వు ఇచ్చిందేమిటి?" అని యంత్రం మీద విరుచుకుపడింది.

"మీరు అడిగినది ముప్పయ్యవ మెట్టు. నేను ఇచ్చినది ముప్పయ్యవ మెట్టు అని నమ్ముతున్నాను" అన్నది యంత్రం, బడిపంతులు తెలుగులో.

"నమ్ముతావా? నీ నమ్మకం మండ!"

"ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యరాదా?" అన్నది షంషాద్. లోకంలో ఏ యంత్రం చెడినా చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ చెప్పే మందు ఇదొక్కటే. నాగరత్న దాన్నీ కాదనలేదు. ఆపింది, వేసింది. యంత్రం ఆవులించి లేచి, మిట్టమధ్యాహ్నం శుభోదయం చెప్పి, మళ్ళీ అదే మీగడ తోలు చేతిలో పెట్టింది.

తర్వాత సిరా చిమ్మే ముద్రణతల వంకర పోయిందేమో చూసింది. సరిగ్గానే ఉంది. గొట్టాల్లో గాలి చేరిందేమో చూసింది, లేదు. చివరికి పరీక్ష పత్రం తీసింది. అంటే నాలుగు సిరాలతోనూ నాలుగు గీతలు గీయించడమే. మూడు గీతలు నిక్షేపంలా వచ్చాయి. నాలుగోది రావలసిన చోట ఏమీ లేదు.

"నల్లసిరా అయిపోయినట్టుంది" అని షంషాద్ అన్నది.

నాగరత్న బుడ్డి బయటికి లాగింది. అయిపోవడమా! నిండుగా ఉంది, పెళ్ళిలో ఎవరూ ముట్టని వంటకంలా. కింద ముద్రణతలలో సిరా దిగే సన్నని రంధ్రాలు మాత్రం పాత గోందుసీసా మూతిలా గడ్డకట్టుకుపోయాయి. వాడని రంగు ఎండుతుంది. ప్రింటరులు పుట్టినప్పటినుంచీ ఉన్న జబ్బే అది.

"దీన్ని వాడి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"ఇటీవల ఎవరూ అడగలేదు" అన్నది యంత్రం.

"ఎవరూనా? ఈ ఊళ్ళో? నల్లగా ఉన్నవాళ్ళే లేరా ఇక్కడ?"

"వచ్చేటప్పుడు ఉన్నారు. నేను ఎప్పుడూ కిందటి రోగి కోరిన ఛాయ దగ్గరే మొదలవుతాను. అది నా అలవాటు. తరువాత వచ్చినవారు దాన్ని ఒక్క మెట్టు తెలుపు వైపు జరిపారు. ఆ తరువాతివారు మరొక మెట్టు. అంతకంటే ఎక్కువ జరిపినవారు ఒక్కరూ లేరు."

నాగరత్న షంషాద్ వైపు చూసింది. డాక్టరు కళ్ళు దించుకుంది.

"ఒక్క మెట్టే కదా డాక్టరమ్మా అని బతిమాలేవాళ్ళు. చెయ్యి కాలి ఏడుస్తా వచ్చినోళ్ళతో ఒక్క మెట్టుకు ఏం కొట్లాడతావు చెప్పు? చిన్న బొబ్బ లేస్తే చాలు, ముఖం చేతులు మొత్తం కొత్తవి వెయ్యమని వచ్చేవాళ్ళు. నీడ కొలువు దొరికి సల్లగా బతుకుతారులే అని నేనూ ఊరుకున్నా" అన్నది.

బతికారా మరి? సుంకమ్మ పక్క మంచంలోనే తిప్పేస్వామి ఉన్నాడు. చేతులు కాలినప్పుడు ముఖానికి కూడా మీగడ తోలు వేయించుకుని నీడ కొలువు సంపాదించినవాడు. అందరూ అదే పని చేస్తే ఏమవుతుంది? నీడగదులు కిటకిటలాడాయి, అద్దాల మీద దుమ్ము పేరుకుంది. ఎవరో ఒకరు తుడవాలి గదా. వంతులవారీగా కాస్సేపే అని కంపెనీవాళ్ళు అందర్నీ బయటికి తోలారు. చట్టం మాట ఎత్తినవాడి వంతు ముందుకు వచ్చింది. ఇప్పుడు తిప్పేస్వామి ముక్కు మీదా, చేతుల మీదా మానని కాన్సరు పుళ్ళు. అవి లోపలికి పాకిపోయాయని షంషాద్ ఎప్పుడో చెప్పేసింది.

అందుకే నాగరత్నకు ఆ నల్లసిరా కావాలి. యంత్రం చేతనే ముద్రణతలను కడిగించింది. అది గుటగుటా సిరా తాగింది గాని చుక్క రాల్చలేదు. మళ్ళీ కడిగించింది. ఇంకోసారి కడిగితే బుడ్డి అడుగంటుతుందని ఆపేసింది. సూదితో పొడవడానికి లేదు, రంధ్రం చిరిగిందంటే మొత్తానికే మోసం. ముద్రణతలను ఊడదీసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో, గడ్డను కరిగించే ఎంజైము నాలుగు చుక్కలు వేసి నానబెట్టింది. అన్నం మానేసి దాని ముందే కూర్చుంది. నీళ్ళు చల్లారితే మార్చడం, పీచు రాలని గుడ్డ మీద మెల్లగా అద్ది చూడడం. గుడ్డ తెల్లగానే ఉంటోంది. దేవుడికి మొక్కింది, యంత్రాన్ని తిట్టింది, తన చదువును తిట్టుకుంది.

ఆఖరికి గుడ్డ మీద ఆవగింజంత మచ్చ పడింది. గోధుమరంగు. దాని పక్కన ఇంకొకటి.

"వచ్చింది డాక్టరమ్మా! మా చెల్లెలి రంగు వచ్చింది!" అని చిన్నపిల్లలా కేక పెట్టింది. ఇద్దరూ కావలించుకున్నారు. సూక్ష్మదర్శిని కింద చూస్తే బుడ్డిలో సగం కణాలు చచ్చిపోయి ఉన్నాయి. మిగిలినవి ఒక్క మనిషికి, అదీ బొటాబొటిగా. కొత్త కణాలు పెంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. పరవాలేదు, కావలసింది ఒక్క సుంకమ్మకే.

నమూనా తీస్తే తాటిబెల్లం రంగు తళతళలాడింది. ఇక మిగిలింది ఒక్క పని. ఏ ఛాయ వేయాలో రోగి తన నోటితో చెప్పాలి, అది నిబంధన. నాగరత్న యంత్రం తాలూకు తెరపలక తీసుకుని చెల్లెలి మంచం దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. తల్లి ఓబులమ్మ పక్కనే కూర్చుని విసురుతోంది.

పలక మీద సుంకమ్మ ముఖం, కాలకముందు ఎలా ఉండేదో అచ్చం అలాగే కనబడింది. "సుంకమ్మగారూ, ఇది ముప్పయ్యవ మెట్టు. మీకు సమ్మతమేనా?" అని యంత్రం అందులోంచి అడిగింది.

సుంకమ్మ కట్ల సందులోంచి చాలాసేపు చూసింది.

"ఇది నేనే కదా" అన్నది.

"నువ్వే! నువ్వే మే!" అన్నది నాగరత్న, సంతోషంతో.

"మొదట ఒకటి వచ్చిందంట కదక్కా, మీగడ మాదిరి. అదేది? చూపించు."

నాగరత్న పలకను వెనక్కి లాక్కుంది. "దాని జోలి నీకెందుకే? పక్క మంచంలో తిప్పేస్వామిని చూస్తాండావు కదా. మూలుగు వినపడ్లేదా నీకి?"

"వింటానే ఉండా. ఆయప్ప కర్మ అది."

"కర్మ కాదే పిచ్చిదానా, ఎండ! నీడ కొలువులు ఎప్పుడో నిండిపోయినాయి. ఆ తోలుతో పోయినా నిన్ను ఎండకే తోల్తారు. ఏడాది ఆగవు నువ్వు."

"ఊరందరికీ నిండినాయిలే. నా ఒక్కదానికి దొరక్కపోతాదా?"

నాగరత్న పక్క మంచం వైపు చెయ్యి చూపింది. సుంకమ్మ అటు చూడకుండానే మళ్ళీ అందుకుంది. కాలిన పెదవులు కదిలించలేక ఆగి ఆగి మాట్లాడుతోంది.

"నువ్వు చదువుకొని ఈ సల్లటి గదిలో కూచున్నావక్కా, నీకేం తెలుసు? నేను కొలువుకు పోయిన దినం కంపెనీవాళ్ళు నా పేరు గూడా అడగల్యా. మొగం చూసి గుడ్డ చేతికిచ్చి, పో అద్దాలకాడికి అనిరి. నా తోలు ఎండకు ఆగుతాదంట! ఆగుతాది కాబట్టే కదా నన్ను అట్ల మాడ్చిరి. మల్లా అదే తోలు కప్పి నన్ను ఆ చేలోకే తోల్తావా?"

"బతుకుతావే. ఆ తోలుతో అయితే బతుకుతావు."

"అట్ల బతికి చూసినా. సాలు."

"అమ్మా, నువ్వన్నా చెప్పు దానికి" అని నాగరత్న తల్లి వైపు తిరిగింది.

ఓబులమ్మ విసరడం ఆపలేదు. "పాప అడిగినట్ల చెయ్యే. ఇంత నరకం పడి లేస్తాంది. మల్లా పాత తోలే అంటే నలుగురూ నగరా?" అన్నది.

"నేను వెయ్యను. నా చేతులతో దీన్ని చంపలేను" అని నాగరత్న పలక పక్కన పడేసింది.

షంషాద్ ఆమెను వరండాలోకి లాక్కుపోయింది. "వెయ్యకపోతే రేపటికే చీము పడతాది. ఇది వేస్తే ఏడాదన్నా ఉంటాది. నోటితో తను చెప్పింది కాకుండా వేరేది వేసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. పోనీ, ఈ ఏడాదిలో ఏదన్నా దారి దొరకొచ్చు" అన్నది. దారి దొరకదని ఇద్దరికీ తెలుసు. నాగరత్న గోడకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళింది.

సుంకమ్మ తన నోటితో నాలుగో మెట్టు అని చెప్పింది. చెప్పి, కాస్త ఆలోచించి, "ఇంకొక్క మెట్టు ఇట్ల జరపరాదా" అని మూడుకు మార్పించింది.

"ఈ ముద్రణకు నల్లసిరా అవసరం లేదు. బుడ్డిని తొలగించనా?" అని యంత్రం అడిగింది.

"తీసెయ్" అన్నది నాగరత్న.

యంత్రం ఎక్కడా తడబడలేదు. గీత పడకుండా, మచ్చ లేకుండా, అంచులు చెదరకుండా పని పూర్తిచేసింది. నాగరత్న ఇన్నేళ్ళ కొలువులో అంత శుభ్రమైన అచ్చు చూడలేదు.

చర్మం చక్కగా అతుక్కుంది. కట్లు విప్పిన రోజు వార్డులో ఆడవాళ్ళంతా మూగారు. అబ్బ, ఏం కళ వచ్చిందమ్మా అని ఒకామె, దొరసాని మాదిరి ఉండాదే అని ఇంకొకామె. ఓబులమ్మ రెండు చేతులతో కూతురి దిష్టి తీసి మెటికలు విరిచింది. తిప్పేస్వామి కూడా కష్టం మీద తల తిప్పి చూశాడు. గుంపును తోసుకుంటూ వచ్చిన నాగరత్న చెల్లెలి ముఖం చూసింది. చూసీ చూడడంతోనే, ఆమె ప్రమేయం లేకుండా, నోట్లోంచి మాట ఊడిపడింది.

"ఎంత బాగున్నావే!"

సుంకమ్మ నవ్వింది. నాగరత్నకు తన నాలుక తానే కోసుకోవాలనిపించింది. కాని అన్నది అబద్ధం కాదు. ఆమె కంటికి చెల్లెలు నిజంగానే బాగుంది, మునుపటికంటే బాగుంది.

సుంకమ్మ కొత్త చేతిని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, ఆ కిటికీ మూయవా? వెలుతురు మండుతాంది" అన్నది.

నాగరత్న వెళ్ళి కిటికీ మూసింది.