పరుగుజోడు

అంగారకుడి మీద నాలుగో గోపురంలో అలారాలు పెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. తెల్లవారుతూనే వీధిలో పరిగెత్తే బంగారి అడుగుల చప్పుడు వినిపించేది, ఊరు లేచేది. అలాంటిది కొన్నాళ్ళుగా ఊరంతా ఆలస్యంగా లేస్తోంది. బంగారి మోకాలి కింది ఎముక చిట్లింది.

అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి ఎముక బద్ధకించి బలహీనపడుతుంది. ఏటా తను గెలిచే చుట్టుపరుగు పోటీ ఈసారీ గెలవాలని ఆమె ఆ బద్ధకపు ఎముకను మరీ పరిగెత్తించింది.

"పరిగెత్తకపోతే పిచ్చెక్కిపోద్ది సార్!" అంది మంచం మీంచి డాక్టరుతో.

డాక్టర్ వరహాలు నాడీశాస్త్రజ్ఞుడు. ఆలోచించి ఆలోచించి 'పరుగుజోడు' తయారుచేశాడు. అవి రెండు నాడీపట్టీలు. ఒకటి పరిగెత్తేవాడి నడుముకు, రెండోది రోగి నడుముకు. అతని నాడీ సంకేతాలు ఆమెకు చేరతాయి. కండరాలు సన్నగా అదురుతాయి, గుండె వేగం అందుకుంటుంది, మనసుకు పరుగు రుచి తెలుస్తుంది. ఎముక మీద మాత్రం గ్రాము బరువు పడదు. పట్టీల్లోంచి ఒకరి మాటలు ఒకరికి వినిపిస్తాయి కూడా.

చిక్కల్లా ఒక్కటే. మంచి పరుగువాళ్ళందరూ పోటీకి సాధన చేసుకుంటున్నారు. ఇక చేసేది లేక వరహాలే పట్టీ కట్టుకున్నాడు. జన్మలో పరిగెత్తినవాడు కాదు.

"ఏటి సార్ ఇది, పరుగా, పెళ్ళికూతురి నడకా? మోచేతులు ముడవండి!"

"ఉండమ్మా, ఊపిరాడనీ!"

"బొజ్జ ముందు, మీరు వెనక. కానీండి!"

ఆయన మెంతి మడుల దగ్గర ఆగి వాసన పీల్చేవాడు. కనిపించినవాళ్ళనల్లా పలకరించేవాడు. మొదట్లో బంగారి పళ్ళు నూరింది. ఓరోజు ఆయన ఎక్కడా ఆగకుండా పరిగెత్తేసరికి తనే అడిగింది: "ఏం సార్, ఇవాళ మెంతి మడి దగ్గర ఆగలేదేం?"

పోటీ దగ్గరపడింది. వైద్యయంత్రం ధన్వి ఎముకను పరీక్షించి చెప్పింది: "అతికింది కానీ ముదరలేదు. మెల్లగా అయితే పరిగెత్తొచ్చు. పంతానికి పోతే మళ్ళీ విరుగుతుంది. అప్పుడిక జన్మలో పరుగుండదు."

"మెల్లగానే" అని బంగారి మాటిచ్చింది. ఆమె సంగతి తెలిసిన వరహాలుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోటీలో పట్టీలు నిషిద్ధం. పక్కనుండి ఆపడానికి తనూ పేరిచ్చాడు.

పోటీ రోజు గంట మోగింది. మొదటి మలుపులోనే ఓ కుర్రది బంగారిని దాటి వెనక్కి చూసి నవ్వింది. బంగారి పిక్కలు జివ్వుమన్నాయి. ఒక్క ఊపు చాలు, దాన్ని అందుకోవచ్చు.

ఆమె ఊపిరి వదిలింది. "పో తల్లీ, పో!" అని చెయ్యూపింది. దారి పక్క పిల్లలు చాపిన చేతులను తట్టింది. ముసలమ్మ ఇచ్చిన బెల్లంముక్క నోట్లో వేసుకుంది. ఇన్నేళ్ళూ చుట్టిన దారిలో ఇంతమంది మనుషులున్నారని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ఇక వరహాలో? ఆపడానికి వచ్చినవాడు ఆమెనే దాటి పోయాడు!

నాలుగో గోపురంలో పోటీ ముగిసేది ఆఖరివాళ్ళు గీత దాటాకే. ముందు చేరినవాళ్ళు వెనక్కెళ్ళి వాళ్ళను తోడుకొని రావాలి. ఈసారి ఆఖరు బంగారి. వరహాలు చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు.

"కాలెలా ఉందమ్మా?"

"బంగారంలా ఉంది సార్. మీ నత్తనడకే నా కాళ్ళకంటింది!"

"నీ పొగరు నా కాళ్ళకంటింది. సగంమంది కంటే ముందొచ్చాను, తెలుసా!"

వరహాలు మణికట్టుకున్న పరికరంలోంచి ధన్వి గొంతు సవరించుకుంది. "క్షమించాలి. పట్టీ ప్రభావం తీసిన గంటలోనే పోతుంది. మీరు తీసింది మొన్న. పైగా బంగారి గారి నుంచి డాక్టరు గారికి సంకేతం వెళ్ళే ఏర్పాటే లేదు. ఇవాళ అలా పరిగెత్తించింది పట్టీలు కావు, అది మీ సొంత పరుగే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గీత దగ్గర జనం ఎగబడ్డారు.

"ఏమైందే బంగారీ, నువ్వు ఆఖరేంటి? డాక్టరు గారూ, మీరేంటి అంత స్పీడు?"

"అంతా పరుగుజోడు పనే!" అన్నారిద్దరూ ఒక్కసారే.