దీవెన పంపని ఫైలు

భవానీపురంలో టిఫిన్ హోటలు పైనున్న గది డిటెక్టివ్ రావమ్మ ఆఫీసు. ఆ ఉదయం పదింటికి మెట్లెక్కి వచ్చిన అమ్మాయి లోపలికి రాలేదు. ఫోను రెండు చేతుల్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“కూర్చోమ్మా. నిలబడి చెప్పినా కూర్చుని చెప్పినా జరిగింది మారదు,” అంది రావమ్మ.

శౌరయ్య కుర్చీ జరిపాడు. ఇరవై ఏళ్లు పెళ్లిళ్లకీ పండగలకీ మైకు సెట్టు నడిపి, ఆరేళ్లుగా రావమ్మ దగ్గర పనిచేస్తున్న మనిషి. మనిషి మొహం కంటే ముందు గొంతు గమనించడం అతని అలవాటు. ఈ పిల్ల భయపడిపోయి ఉంది, అయినా ప్రతి మాటా విడివిడిగా, కడిగిన గ్లాసుల్లా వినిపిస్తోంది.

ఆమె పేరు దీవెన, ఊరు ఇబ్రహీంపట్నం. ప్రకటనలకి గొంతు ఇవ్వడం ఆమె పని. చేనేత సహకార సంఘం ఒకటి కొత్త రకం చీరలకి ‘రేవు’ అని పేరు పెట్టింది. ఆ ప్రకటనకి గొంతు కోసం బెంజ్ సర్కిల్లోని ఒక ఏజెన్సీ ఆడిషన్ పెడితే దీవెన కూడా పంపింది. చీరలు విడుదలయ్యేదాకా పేరు బయటికి పొక్కకూడదని షరతు. విడుదలకి వారం ముందే ఒక బట్టల వ్యాపారి మరమగ్గం చీరలకి ‘రేవు’ అని అట్టలు కుట్టి అమ్మకానికి పెట్టేశాడు. ఆరా తీస్తే, వ్యాపారుల ఫోన్లలో తిరుగుతున్న ఆడియో దీవెనదే.

“ఏజెన్సీకి తప్ప ఇంకెవ్వరికీ పంపలేదండీ! వాయిస్ ఆర్టిస్టుల గ్రూపులో ఏజెన్సీ వాళ్లు నా పేరు పెట్టి, ఈ అమ్మాయిని నమ్మొద్దు, పని ఇవ్వొద్దు అని మెసేజ్ పెట్టారు. నాలుగొందల మంది ఉన్నారండీ అందులో. నిన్న రెండు పనులు పోయినాయి. ఈ గొంతు తప్ప నాకింకేం రాదండీ.”

“నీ మీదే ఎందుకు పడ్డారు?”

“బయటికొచ్చింది వేవ్ ఫైలంటండీ. నేను వాళ్లకి పంపింది ఎంపీత్రీ. వాళ్ల దగ్గర వేవే లేదు కాబట్టి నా దగ్గర్నుంచే పోయిందంటున్నారు.”

రావమ్మ శౌరయ్య వైపు చూసింది.

“వేవ్ అంటే మైకులో పడ్డ శబ్దం పడ్డట్టే ఉంటుందమ్మా, బరువెక్కువ. ఎంపీత్రీ అంటే చెవికి పెద్దగా ఆనని శబ్దాలు తీసేసి బరువు తగ్గించింది. మెయిల్లో తేలిగ్గా పోతుంది. మనిషి గొంతెలా ఉందో చూసుకోటానికి అది చాలు.”

దీవెన ఆడిషన్ నోటీసు కాగితం తీసి చూపించింది. రావమ్మ పైకి చదివింది: “ఎంపీత్రీ, 128 క్వాలిటీ పంపితే చాలు. ఎంపికైనవారు అదే ఫైలును వేవ్‌లోకి మార్చి, ఒరిజినల్ క్వాలిటీ చేసి పంపవలెను.”

“ఇది సౌండు తెలిసినోడు రాసింది కాదమ్మా,” అన్నాడు శౌరయ్య.

రావమ్మ ఆ నోటీసు మడిచి సంచిలో పెట్టుకుంది. “నీ అసలు వేవ్ ఉందా అమ్మాయ్?”

“ఫోన్లోనే ఉందండీ. బీరువా తలుపులు తీసి, చుట్టూ దుప్పట్లు కట్టి, లారీల మోత తగ్గినప్పుడు రికార్డు చేశాను.”

“శౌరయ్యకి ఒక కాపీ ఇవ్వు. నీ ఫోన్లోది ముట్టుకోకు.”

మధ్యాహ్నానికి ఇద్దరూ ఏజెన్సీలో ఉన్నారు. యజమాని రాజ్యశ్రీ ఏసీ గదిలో వాచీ చూసుకుంటూ మాట్లాడింది. బయటికి పొక్కిన ఫైలు శౌరయ్యకి ఒక కాపీ ఇచ్చి, వినిపించింది. అది “నా పేరు దీవెన, ఇబ్రహీంపట్నం...” అంటూ మొదలైంది.

“దొంగసరుకు మీద సొంత ఊరూ పేరూ ఎవరైనా రాసుకుంటారా?” అంది రావమ్మ.

“తెలివితక్కువ పిల్లండీ.”

“తెలివితక్కువ పిల్ల ఆడిషన్ని ఆ బల్ల మీది జాబితాలో మొదటి వరసలో ఎందుకు పెట్టారు?”

రాజ్యశ్రీ మళ్లీ వాచీ చూసుకుంది. తప్పు జరిగితే వెతకడం కష్టం, కింద ఉన్నవాళ్ల మీద తోసేయడం సుఖం. పెద్ద ఆఫీసులన్నిట్లో జరిగేది ఇదే. ఆడిషన్ మెయిళ్లు చూసేది ముగ్గురేనని మాత్రం ఆమె ఒప్పుకుంది: తనూ, మేనేజరు దేవేంద్ర, సౌండ్ ఇంజనీరు దుర్గాశంకర్.

దుర్గాశంకర్ హెడ్‌ఫోన్ మెడకి వేలాడేసుకుని విసుగ్గా వచ్చాడు. రావమ్మ సంచిలోంచి నోటీసు తీసి చూపించింది. “ఆ నోటీసు నాకంటగట్టకండి. వేవ్‌లో రికార్డు చేసి దాచుకోండి, ఎంపికైతే అదే పంపండి అని రాయమన్నా. ఇక్కడ నా మాట ఎవడు ఇన్నాడు!”

దేవేంద్ర మాత్రం మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు. రావమ్మ ఒక్కసారిగా ముసలమ్మలా మెత్తబడిపోయింది. “బాబూ, నా మనవరాలి పాట ఈ ఫోన్లో ఎంపీత్రీగా ఉంది. కాస్త క్వాలిటీ పెంచి పెడతావా?”

“అదెంతసేపండీ! నా ఫోన్లో యాప్ ఉంది.” నిమిషంలో పంపేశాడు. “ఇదిగోండి, వేవ్ చేశా. ఇప్పుడు ఒరిజినల్ అయిపోయింది. మా బావమరిది కొట్టు ప్రకటనలకి కూడా నేనే ఇట్టా చేసిస్తుంటా.”

“చల్లగా ఉండు నాయనా,” అంది రావమ్మ. మెట్లు దిగుతూ ఆ ఫోను సంచిలో పెట్టి మూతి బిగించింది. ఆమె సంచి మూసిందంటే పని అయిపోయినట్టేనని శౌరయ్యకి తెలుసు.

మర్నాడు ఉదయం ఏజెన్సీ గదిలో అందరూ కూర్చున్నారు. చేనేత సంఘం అధ్యక్షురాలు చౌడేశ్వరమ్మ కూడా వచ్చింది. దీవెన ఓ మూల కుర్చీ అంచున కూర్చుంది. శౌరయ్య లాప్‌టాప్ తెరిచి శబ్దాల బొమ్మలు తెర మీద పెట్టాడు.

“మొదటిది దీవెన ఫోన్లోని అసలు వేవ్,” అంది రావమ్మ. “చూడండి, రంగు కింద నుంచి పైదాకా పాకింది. రెండోది బయటికి పొక్కిన వేవ్. ముప్పాతిక ఎత్తులో కత్తెరతో కోసినట్టు ఆగిపోయింది. ఎందుకు శౌరయ్యా?”

“ఈ బొమ్మలో శబ్దం ఎంత సన్నగా, కీచుగా ఉంటే రంగు అంత పైన పడుతుందమ్మా. ఎంపీత్రీ చేసేటప్పుడు ఆ పై శబ్దాలు పోతాయి. మళ్లీ వేవ్ చేస్తే సైజు పెరుగుతుంది గానీ పోయినవి రావు.”

“వెలిసిపోయిన చీరని ఎంత పెద్ద పెట్టెలో పెట్టినా రంగు తిరిగొస్తుందా చౌడేశ్వరమ్మగారూ? ఇదీ అంతే. ఇది దీవెన పంపిన ఎంపీత్రీనే. ఎవరో ఉబ్బించారు. అసలుది చేతిలో ఉన్న పిల్లకి ఆ కర్మేంటి?”

రావమ్మ తెర ముందుకి నడిచి అందరి వైపూ తిరిగింది.

“ఆ ఎంపీత్రీ చూసినవాళ్లు ముగ్గురు. ఉబ్బిస్తే ఇట్టా మచ్చ మిగులుతుందని దుర్గాశంకర్‌కి తెలుసు. ఉబ్బిస్తే అసలుదవుతుందని నమ్మి, నోటీసులో కూడా రాసిన మనిషి వేరే ఉన్నాడు. మూడో బొమ్మ పెట్టు.”

మూడోదీ అదే ఎత్తులో కోసేసినట్టుంది.

“ఇది నిన్న దేవేంద్ర నా ముందే చేసిచ్చిన వేవ్. ఫైలు వివరాల్లో దాన్ని తయారుచేసిన యాప్ పేరుంది. పొక్కిన ఫైల్లోనూ అదే పేరు. నీ స్టూడియోలో ఆ యాప్ ఉందా దుర్గాశంకర్?”

“ఫ్రీ యాపులు నేను ముట్టుకోనండీ.”

“మీ ఫోన్లో రాజ్యశ్రీగారూ?”

“నాకు మెయిలు తెరవడమే సరిగ్గా రాదు.” ఆమె దేవేంద్ర వైపు తిరిగింది. “నోటీసు నువ్వే కదా రాసింది?”

“‘రేవు’ అట్టలు కుట్టించిన కొట్టు ఈయన బావమరిదిది,” అంది రావమ్మ. “నిన్న సాయంత్రం వెళ్లి బోర్డు మీద యజమాని పేరు చూసి, పక్క కొట్టువాళ్లని అడిగొచ్చాను.”

దేవేంద్ర నుదురు తుడుచుకున్నాడు. “పేరు బాగుందని వినిపించానండీ, అంతే... మంచి క్వాలిటీలో ఇమ్మంటే మార్చిచ్చా. ఆ అమ్మాయిని ఇరికిద్దామని కాదండీ, ఒట్టు!”

“నిజమే, ఇరికిద్దామనుకోలేదు. తీరా నింద ఆ పిల్ల మీద పడ్డాక, పడనీలే అని నోరు మూసుకున్నావు. అది ఇంకా నీచం.”

“నూట ఇరవై మగ్గాల వాళ్లు ఆ పేరు కోసం ఆర్నెల్లు ఎదురుచూశారు,” అంది చౌడేశ్వరమ్మ లేస్తూ. “నీతో, నీ బావమరిదితో లాయరు మాట్లాడతాడు. ప్రకటన మాత్రం ఈ అమ్మాయి గొంతుతోనే రావాలి.”

రాజ్యశ్రీ గొంతు సవరించుకుంది. “సారీ దీవెనా. గ్రూపులో ఆ మెసేజ్ ఇప్పుడే డిలీట్ చేయిస్తాను.”

దీవెన మొదటిసారి తలెత్తింది. “డిలీట్ వద్దండీ. తీసేస్తే, చదివినవాళ్ల మనసులో అట్టాగే ఉండిపోద్ది. అదే గ్రూపులో, మీ గొంతుతో చెప్పండి. ఏం జరిగిందో.”

దుర్గాశంకర్ నవ్వు దాచుకుంటూ మైకు తెచ్చి రాజ్యశ్రీ ముందు పెట్టాడు. ఆమె గబగబా నాలుగు ముక్కలు అనేసి ఫోను అందుకోబోయింది. దీవెన హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపింది.

“నా పేరు మింగేశారండీ. మళ్లీ.”

రెండోసారి తడబడింది. మూడోసారి ‘పొరపాటు’ అన్న మాట గొణిగింది. శౌరయ్యకి లోపల భలే ఆనందంగా ఉంది గానీ, బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాలుగోసారి రాజ్యశ్రీ నిదానంగా చెప్పింది. ఫైలు లీక్ చేసింది తమ మేనేజరని, నింద వేసిన పొరపాటు తమదని, ఇబ్రహీంపట్నం దీవెన ఏ తప్పూ చేయలేదని.

“ఇప్పుడు పంపండి,” అంది దీవెన.