తీపెక్కిన దుంపలు

తెల్లవారుతూనే కాకినాడ చేపల రేవులో వలకు ఒక శవం తగిలింది. పడవవాళ్ళు ఒడ్డుకు చేర్చేసరికి ఇంటెలిజెన్స్ చీఫ్ పల్లంరాజు అక్కడ నిలబడి ఉన్నాడు. చనిపోయింది ఆయన మనిషే. సత్యవాణి, మొక్కల తెగుళ్ళ సైంటిస్టు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద ఇంకే గాయమూ లేదు.

ఏజెంట్ ఎజ్రా కారెక్కగానే పల్లంరాజు ఆమె చివరి వాయిస్ మెసేజ్ వినిపించాడు.

"దుంపలు తీపెక్కాయి సార్..."

తర్వాత తలుపు తీసిన చప్పుడు. అంతే.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. నిడదవోలు కోల్డ్ స్టోరేజీలో సైన్యానికి పంపాల్సిన బంగాళాదుంపలున్నాయి. సాయంత్రం రైలెక్కుతాయి. మంచుతో కొండదారులు మూసుకుపోయాక సరిహద్దు పోస్టుల్లో జవాన్లకు అవే తిండి. వాటి మీద ఒక విదేశీ ముఠా కన్నుంది. సత్యవాణి వెళ్ళింది వాటిని పరీక్షించడానికే. లోపల మన ఏజెంట్ హేమశ్రీ క్వాలిటీ మేనేజరుగా పనిచేస్తోంది.

"తీపెక్కితే ఏమవుతుందండి?" ఎజ్రా అడిగాడు.

"చలి మితిమీరితే దుంపలోని పిండి చక్కెరవుతుంది. కుళ్ళు తెగులు బాక్టీరియాకి ఆ చక్కెరే మేత. మామూలు దుంప కొంత తట్టుకుంటుంది. ఇది తట్టుకోదు."

చీఫ్ ఇచ్చిన స్క్రూడ్రైవర్ పిడిలో గ్లూకోజ్ టెస్ట్ స్ట్రిప్స్ ఉన్నాయి.

మధ్యాహ్నం ఎజ్రా కంప్రెసర్ మెకానిక్ వేషంలో, మెడలో గ్యాస్ మాస్క్ వేలాడేసుకుని స్టోరేజీలో అడుగుపెట్టాడు. హేమశ్రీ ఎదురొచ్చింది. ఖరీదైన పట్టుచీర, దాని మీద తెల్లకోటు. ఆ చలిలోనూ చెదరని నవ్వు.

"ప్యాసింజర్ ఎక్కడ ఆగిందండి?" అన్నాడు.

"బ్రిడ్జి మీదేనండి."

కోడ్ సరిపోయింది. సత్యవాణి సంగతి చెబితే ఆమె కళ్ళు తుడుచుకుంది. సరుకంతా బాగుందనీ, చలి ఎప్పుడూ పది డిగ్రీల కిందికి దిగలేదనీ చెప్పి ఉష్ణోగ్రత మీటర్ చూపించింది.

ఆమె అటు తిరగగానే ఎజ్రా ఒక దుంపను కోసి, ఆ తడికి స్ట్రిప్ ఆనించాడు. చూస్తుండగానే అది ముదురాకుపచ్చకు తిరిగింది. దుంప నిండా చక్కెరే. మీటర్ అబద్ధం చెబుతోంది. గది వారాల తరబడి గడ్డకట్టే చలిలో ఉంది. ఆ మీటర్ మీద చెయ్యి వేయగలిగేది క్వాలిటీ మేనేజరొక్కతే.

వెనక పిస్టల్ సేఫ్టీ తీసిన చప్పుడైంది.

"సత్యవాణిగారు కూడా ఇలాగే కోసి చూశారండి," అంది హేమశ్రీ. గొంతులో ఏ మార్పూ లేదు. "ఆవిడకి నొప్పి తెలియలేదు. ఆ మాత్రం జాగ్రత్త తీసుకున్నాను."

ఆమె తల మీద స్ప్రే గొట్టాలున్నాయి. మొలకలు రాకుండా కొట్టే మందు ట్యాంకులో ఇప్పుడున్నది కుళ్ళు తెగులు బాక్టీరియా అని ఎజ్రాకు అర్థమైంది. ఇక్కడ దుంపలు దాంతో తడిస్తే చాలు. బయటికి ఏమీ కనబడదు. మంచు దారులన్నీ మూసేశాక బంకర్లలో బస్తాలు నీరుగారిపోతాయి.

"అక్కడ మన పిల్లలున్నారండి," అన్నాడు ఎజ్రా.

"నాకు తెలుసు."

ఆమె ఎడమ చెయ్యి స్ప్రే స్విచ్ వైపు కదిలింది. ఎజ్రా మాస్క్ పైకి లాక్కుని, పక్కనున్న కూలింగ్ గొట్టం అమోనియా వాల్వ్‌ను కాలితో తన్నాడు. తెల్లటి గ్యాస్ బుస్సుమంటూ ఆమె ముఖాన్ని కమ్మేసింది. పిస్టల్ పేలింది. గుండు అతని భుజాన్ని చీల్చుకుపోయింది. ఆమె తడుముకుంటూ స్విచ్ నొక్కేసింది. మోటారు తిరిగింది. గొట్టాల్లో ఆ ద్రవం గరగరమంటూ పైకెక్కుతుంటే ఎజ్రా మెయిన్ ఫ్యూజ్ ఊడబెరికాడు. నాజిల్ చివర ఒక చుక్క వేలాడి ఆగిపోయింది.

ఆమెను బయటికి ఈడ్చుకొచ్చాడు కానీ ప్రాణం దక్కలేదు. మాస్క్ ఒక్కటే ఉంది. చచ్చేలోపు ఆమెకు ఇవ్వాలని తనకు తోచలేదని, ఆమె పక్కన కూర్చున్నాకే ఎజ్రాకు తట్టింది.

చీకటి పడేలోపు పల్లంరాజు వచ్చాడు. ఈ సరుకు ఆపేశామనీ, జవాన్లకు వేరేచోటి నుంచి దుంపలు బయల్దేరాయనీ చెప్పాడు. ఎజ్రా భుజానికి కట్టిన గుడ్డను బిగించి కట్టాడు.

"రేపు పేపర్లో మెకానిక్ నిర్లక్ష్యం వల్ల గ్యాస్ లీకయిందని వస్తుంది," అన్నాడు.

"వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారని కూడా రాయించండి సార్," అన్నాడు ఎజ్రా. "లేకపోతే జనం నమ్మరు."