రెండో పేజీ

హాలిఫాక్స్ వానకి గొడుగు పనికిరాదు. గాలి దాన్ని మూడు నిమిషాల్లో తిరగేసి చేతికిస్తుంది. అందుకే సుధామయి తన రెయిన్‌కోటు విప్పి కంప్యూటర్‌కి తొడిగింది. ఫెర్రీ దిగి, డార్ట్‌మత్‌లోని రిపేరు షాపు దాకా నడిచి, ఆ బరువుని కౌంటర్ మీద దించేసరికి ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కంప్యూటర్ మాత్రం పొడిగా ఉంది.

కౌంటర్ వెనక ఉన్న తారక్ ముందుగా ఆ అమ్మాయిని చూడాల్సింది. కంప్యూటర్‌ని చూశాడు.

"విండోస్ 98!" అన్నాడు ఆనందంగా.

వరంగల్ నుంచి మాస్టర్స్‌కని వచ్చి, అది పూర్తిచేసి, కెనడాలోనే స్థిరపడేందుకు పీఆర్ కోసం ఎదురుచూస్తున్న కుర్రాడు తారక్. షాపులో ఫోన్ల అద్దాలు మారుస్తాడు. మిగతా టైమంతా లోకం పారేసిన పాత కంప్యూటర్లకీ పాత గేములకీ ప్రాణం పోస్తాడు. అతని గదిలో తొమ్మిది కంప్యూటర్లూ ఒక పరుపూ ఉన్నాయి. కుర్చీ లేదు.

"మీరేనా ఆ తెలుగతను? గుడిలో అమ్మకి ఎవరో చెప్పారు," అంది సుధామయి. "ఇది ఆదివారంలోగా పనిచేయాలి. లేకపోతే నాకు పెళ్ళైపోతుంది."

తారక్ అప్పుడు తలెత్తాడు. తలెత్తాక, ఈ పని ముందే చేయాల్సిందని అతనికి అనిపించింది.

"కొంచెం మెల్లగ చెప్పండి."

"మా నాన్న రాఘవయ్య గారు. షిప్‌యార్డ్‌లో ఇంజనీర్‌గా చేసి రిటైర్ అయ్యారు. పంతొమ్మిది వందల తొంభై ఆరులో విజయవాడ నుంచి ఫ్లాపీల్లో ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నారు. జన్మపత్రి. ఇక్కడి తెలుగువాళ్ళందరి జాతకాలూ దీంట్లోనే కలుపుతారు. రెండేళ్ళలో నాకు పదకొండు సంబంధాలు వచ్చాయి. పదకొండిటికీ ఇది ఒకటే మాట చెప్పింది. 'అనుకూలం కాదు.' ఐ స్వేర్, ఇంట్లో నన్ను అర్థం చేసుకున్నది ఇదొక్కటే."

"మరి ఇప్పుడేమైంది?"

"చచ్చిపోయింది. కరెక్ట్‌గా వాంకూవర్ అబ్బాయి వచ్చినప్పుడు. మధుసూదన్. అమ్మ ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే ముప్ఫై ఆరుకి ఇరవై తొమ్మిది పాయింట్లు వచ్చాయట. పద్దెనిమిది దాటితే చాలు కదా. నాన్న తన మెషీన్ చెప్పేదాకా ఒప్పుకోనన్నారు. ఆదివారం దాకా చూస్తారు. ఇది లేవకపోతే యాప్ మాటే ఖాయం."

"అబ్బాయి మంచోడు కాదా?"

"చాలా మంచివాడు. తన కారు బ్యాటరీ గురించి గంటసేపు చెప్పాడు."

"నేను కూడా ఇప్పుడు కంప్యూటర్ గురించే అడగబోతున్నా."

"అతను తన కారు గురించి చెప్పాడు. మీరు నా కంప్యూటర్ గురించి అడుగుతున్నారు. తేడా ఉంది."

"మీరే వద్దని చెప్పొచ్చు కదండీ నాన్నగారికి?"

సుధామయి నవ్వు ఆగింది. "ఆయన కోప్పడే మనిషైతే ఎప్పుడో చెప్పేదాన్ని. ఆయన బాధపడతారు."

పోయింది పవర్ సప్లై. తారక్ తన తొమ్మిదింటిలో ఒకదాని నుంచి తీసి దీనికి పెట్టాడు. అవయవదానం లాంటి త్యాగమే కానీ, ఆ మాట సుధామయికి చెప్పలేదు. శనివారం తనే మోసుకుంటూ ఫెర్రీ ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాడు.

బేస్‌మెంట్‌లో రాఘవయ్య గారు తన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ని పరిచయం చేశారు.

"రిబ్బన్లు ఎక్కడా దొరకట్లేదు బాబూ. అందుకే మూడేళ్ళుగా మొదటి పేజీ ఒక్కటే తీస్తున్నా. ఫలితం అందులోనే ఉంటుంది. రెండో పేజీ కారణాలూ వివరాలూనూ. ఎందుకు సిరా దండగ?"

తారక్ జేబులోంచి స్టాంప్ ప్యాడ్ సిరా తీసి, ఆ పాత రిబ్బన్‌కి చుక్కచుక్కగా పట్టించాడు. రాఘవయ్య గారికి కళ్ళు చెమర్చినంత పనైంది. భార్యకి చెప్పడానికి గబగబా పైకి వెళ్ళారు.

సిరా సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని తారక్ పదకొండో సంబంధం తాలూకు రెండో పేజీ తీశాడు. చదివాడు. మళ్ళీ చదివి, మెట్ల దగ్గర నిలబడ్డ సుధామయి వైపు తిరిగాడు.

"సుధామయి గారూ, మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?"

"రెండు వేల ఒకటి. ఎందుకు?"

"ఇది అట్ల అనుకోట్లేదు."

ఆ సాఫ్ట్‌వేర్ సంవత్సరంలో చివరి రెండు అంకెలే అడుగుతుంది. ముందు రెండూ పంతొమ్మిదే అనుకుంటుంది. రాసినవాళ్ళు ఇది ఇన్నేళ్ళు బతుకుతుందని కలలో కూడా అనుకోలేదు. పేజీ మీద స్పష్టంగా ఉంది: పెళ్ళికూతురు పుట్టింది పంతొమ్మిది వందల ఒకటి, ప్లవ నామ సంవత్సరం. కారణం: వధువు వరుడి కన్నా తొంభై నాలుగేళ్ళు పెద్ద.

సుధామయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది.

"నూట ఇరవై నాలుగేళ్ళకి బాగనే ఉన్నరు," అన్నాడు తారక్. "మోకాళ్ళు ఏమన్నా నొస్తున్నయా?"

"షటప్." కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. "నాన్నకి చెప్పకండి. ప్లీజ్."

"తప్పు కదండీ?"

"మీ పని దీన్ని నడిపించడం. సరిచేయడం కాదు."

పాత ప్రోగ్రామ్‌ని తప్పులతో సహా ఉన్నదున్నట్టు నడపాలన్నది తారక్ సిద్ధాంతం. మొన్న షాపులో గొప్పగా ఆమెకి చెప్పింది తనే. నోరు మూసుకున్నాడు.

ఆదివారం మెషీన్ వాంకూవర్‌ని కూడా కాదంది.

విచిత్రమేమిటంటే, ఆ తర్వాత ప్రతి శనివారానికీ కంప్యూటర్‌కి ఏదో ఒకటి అవుతూనే ఉంది. ఒకసారి కీబోర్డ్ పనిచేయలేదు. ఇంకోసారి మానిటర్ వెలగలేదు. మూడుసార్లు ప్రింటర్ కేబుల్ దానంతటదే ఊడిపోయింది. కేబుల్‌కి రెండు వైపులా స్క్రూలున్నాయని తారక్‌కి తెలుసు. అడగలేదు. అడిగితే శనివారాలు ఆగిపోతాయేమోనని అతని భయం.

రిపేరయ్యాక ఇద్దరూ ఒక పాత రేసింగ్ గేమ్ ఆడేవాళ్ళు. సుధామయి ప్రతిసారీ గెలిచేది. 'మీరు' ఏ శనివారం 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఆరో శనివారం పైన వంటింట్లో సుధామయి అమ్మ అన్నపూర్ణ గారు పెసరట్లు వేస్తుండగా రాఘవయ్య గారు సింహాసనంలో కూర్చున్నట్టు కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"తారక్ బాబూ, నీ పుట్టినరోజు, టైమూ చెప్పు."

తారక్ చేతిలో స్క్రూడ్రైవర్ జారింది. "ఎందుకంకుల్?"

"ఎందుకంటే ఏం చెప్పను? ఇంత ఓపికున్న కుర్రాణ్ణి నేను చూడలేదు. చెప్పు."

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, మార్చి, ఉదయం ఆరుంబావు. కిర్రుమంటూ ప్రింటర్ ఒక పేజీ కక్కింది.

అనుకూలం కాదు.

రాఘవయ్య గారి ముఖం వాడిపోయింది. "ప్చ్. బంగారంలాంటి పిల్లాడు. ఏం చేస్తాం, రాసిపెట్టి లేదు."

తారక్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కారణం తనకి తెలుసు. చెబితే వాంకూవర్‌కి కూడా దారి తెరుచుకుంటుంది, అక్కడ ఇరవై తొమ్మిది పాయింట్లు సిద్ధంగా ఉన్నాయి. చెప్పకపోతే ఈ ఇంట్లో తను రిపేరు చేసే అబ్బాయిగానే మిగిలిపోతాడు. సుధామయి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపలేదు. నిలువుగానూ ఊపలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"రెండో పేజీ కూడా తియ్యండి అంకుల్," అన్నాడు.

రాఘవయ్య గారు తీశారు, చదివారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ప్లవ ఏమిటి? వృషలో కదా పుట్టింది ఇది! తొంభై ఎనిమిదేళ్ళు పెద్దా? అయ్యో రామ! పాండురంగ గారమ్మాయికి కూడా ఇలాగే వద్దన్నానే, ఇప్పుడే ఫోన్ చేయాలి." ఫోన్ వెతుకుతూ, "అంటే వాంకూవర్ సంబంధం..." అన్నారు.

"వద్దు నాన్నా." సుధామయి ముందుకొచ్చింది. "రెండేళ్ళుగా ఈ మెషీన్ వెనక దాక్కున్నా. నీకు నో చెప్పడానికి ధైర్యం చాలక దాంతో చెప్పించుకున్నా. ఇప్పుడు నేనే చెప్తున్నా. వాంకూవర్ వద్దు. నాకు తారక్ కావాలి."

ఈసారి మోకాళ్ళు నొప్పి పుట్టింది తారక్‌కి. "నాకు కూడా..." అన్నాడు, వాక్యం పూర్తి చేయలేకపోయాడు. ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

రాఘవయ్య గారు పంచాంగం తీశారు. సంవత్సరంతో పనిలేకుండా ఇద్దరి నక్షత్రాలూ అందులో చూసి తనే టైపు చేశారు. దానికీ ఒక దారుంది ఆ సాఫ్ట్‌వేర్‌లో. ప్రింటర్ మళ్ళీ కిర్రుమంది.

పదిహేడు. ఒక్కటి తక్కువ.

పైన అట్లకాడ చప్పుడు ఆగింది. అన్నపూర్ణ గారు మెట్లు దిగి వచ్చారు. చేతిలో పాస్‌పోర్టు కవరు, అందులో పసుపుపచ్చగా మారిన ఒక కాగితం. దాన్ని కీబోర్డ్ మీద పరిచారు.

రాఘవయ్య, అన్నపూర్ణ. అనుకూలం కాదు. పదకొండున్నర.

"ఇది... నీకెక్కడిది?"

"మీరు ఆ ఫ్లాపీలు తెచ్చిన మొదటి రోజే మనది చూసుకున్నారు. కాగితం ఇరుక్కుందని నాతో చెప్పి ప్రింటర్ ఆపేశారు. మర్నాడు దుమ్ము దులుపుతుంటే నా చేతికొచ్చింది. ఆ తర్వాత మీరు ఊరందరికీ జాతకాలు చూశారు. మనది మాత్రం మళ్ళీ చూడలేదు."

"ఇరవై తొమ్మిదేళ్ళుగా దాచావా?"

"మీరు బాధపడతారని," అన్నారావిడ. "అట్లు చల్లారిపోతున్నాయి, రండి. అల్లుడు గారు కూడా."

రాఘవయ్య గారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసుకున్నారు. "మనకన్నా అయిదున్నర ఎక్కువే," అన్నారు చివరికి, అంతకంటే గట్టి ఆశీర్వాదం తన దగ్గర లేనట్టు. కంప్యూటర్ ఆపేసి పైకి వెళ్ళారు.

సాయంత్రం సుధామయి ఫెర్రీ దాకా వచ్చింది. మళ్ళీ వాన. ఈసారి రెయిన్‌కోటు ఇద్దరి తలల మీదా ఉంది.

"వచ్చే శనివారం ఏం పాడవుతుంది?" అడిగాడు తారక్.

"ఏమీ పాడవదు," అంది. "ఊరికే రా."